రెండు బల్లల మీద ఒకే గుడ్డ

పెగ్గీ ఇంట్లో పొద్దుటి ఫలహారం మొదలైందంటే పెనం పొయ్యి దిగదు. జూలై నెల కావడంతో ఎనిమిదింటికే కిటికీ అద్దాలు వేడెక్కుతున్నాయి. గ్లెన్ ఆరో పాన్‌కేకు మీద మేపుల్ పాకం ఒంపుకుంటున్నాడు. రాత్రికి వీళ్ళకి దారిలో బస ఇచ్చిన అతని వదిన పెగ్గీ ఏడోది తిరగేస్తోంది. గ్లెన్ భార్య డార్లా కాఫీ కప్పు పట్టుకుని నిలబడే ఉంది. డార్లా తల్లి వెర్నా మాత్రం ఎప్పుడో తయారైపోయి, చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, తలుపు దగ్గర కుర్చీలో రైలుకి వేళైన మనిషిలా కూర్చుంది.

"పిన్నిగారూ, రెండు గంటల దారే కదా. ఒక్కటి తిని కదలండి," అంది పెగ్గీ.

"వద్దమ్మా. మా అక్క మధ్యాహ్నానికి వండి ఉంచుతుంది. ఖాళీ కడుపుతో వెళ్ళకపోతే ఊరుకోదు."

"వండుతుంది సరే, ఎక్కడ కూచోబెడుతుంది?" పెగ్గీ గరిట ఊపుతూ నవ్వింది. "మిషిగన్ నించి ఇంత దూరం కారేసుకుని వెళ్ళి వేరే బల్ల మీద తినొస్తారా? మేం కుక్కని కూడా అంత దూరం పెట్టం."

"మీ కుక్క బల్ల కిందే ఉందిలే. ఇందాకణ్ణించీ నా కాలు నాకుతోంది," అంది వెర్నా నవ్వకుండా.

గ్లెన్‌కి పొలమారింది. డార్లాకి నవ్వు రాలేదు. కప్పు ఠక్కున బల్ల మీద పెట్టింది.

"పెగ్గీ అక్క అన్నదాంట్లో తప్పేముంది? అమ్మా, ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు చెప్పాను, ఇప్పుడు పెగ్గీ ముందు మళ్ళీ చెబుతున్నా. పెద్దమ్మ ఇంట్లో నీకు విడిగా బల్ల కనబడిందంటే నిన్ను లేపి కార్లో కూచోబెట్టేస్తా. మళ్ళీ జన్మలో ఆ గడప తొక్కించను."

వెర్నా కర్ర పిడి వేళ్ళతో తడుముకుంది. "సరే," అంది.

అంత తేలిగ్గా సరే అనే మనిషి కాదు వెర్నా. ఆ సంగతి కూతురికీ తెలుసు. కానీ కోపంలో ఉన్న మనిషికి అవతలివాళ్ళు ఒప్పుకుంటే చాలు, ఎందుకు ఒప్పుకున్నారో అక్కర్లేదు.

వెర్నా పుట్టింది ఒహాయోలో, హోమ్స్ జిల్లా ఆమిష్‌వాళ్ళ ఇంట. కార్లూ కరెంటూ దగ్గరికి రానివ్వకుండా పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవ సంఘం వాళ్ళది. పంతొమ్మిదో ఏట అందరి ముందూ మోకరించి, బాప్తిస్మం తీసుకుని, చచ్చేదాకా ఈ సంఘాన్ని విడవనని మాటిచ్చింది. ఇరవై రెండో ఏట పాల క్యాన్లు పట్టుకెళ్ళే లారీ డ్రైవరుతో వెళ్ళిపోయింది. మాటివ్వకముందు వెళ్ళి ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఇచ్చాక వెళ్ళింది కాబట్టి వెలి. వెలిపడ్డవాళ్ళతో మాట్లాడవచ్చు, వాళ్ళకి అన్నం పెట్టవచ్చు, జబ్బు చేస్తే మంచం పక్కన కూచోవచ్చు. వాళ్ళతో కలిసి ఒకే బల్ల మీద మాత్రం తినకూడదు. వాళ్ళ చేతి నుంచి ఏదీ అందుకోకూడదు. ఈ కట్టడికి యాభై నాలుగేళ్ళు నిండాయి.

అయినా వెర్నా ఏటా వేసవిలో ఒక్కతే కారు నడుపుకుంటూ అక్క దగ్గరికి వెళ్ళి వచ్చేది. ఈ చలికాలంలో మోకాలికి ఆపరేషనైంది. ఇక స్టీరింగు పట్టుకోవద్దని డాక్టరు ఖాయంగా చెప్పేశాడు. అక్క ఓర్ఫాకి ఎనభై రెండు దాటాయి, చూపు మందగించింది. ఆమిష్ ఇంట్లో ఫోను ఉండదు. అంటే, కూతురు బండి నడిపితేనే చెల్లెలు అక్కని చూడగలదు, లేకపోతే లేదు.

డార్లా అక్కడికి ఒక్కసారే వెళ్ళింది, తొమ్మిదో ఏట. వంటింటి మూల చిన్న బల్ల వేసి అమ్మని కూచోబెట్టారు. గిన్నెలన్నీ డార్లా చేత మోయించారు, ఇక్కణ్ణించి అక్కడికి, అక్కణ్ణించి ఇక్కడికి. తన వయసు పిల్లలందరూ బెంచీ మీద వరసగా కూచుని తింటుంటే తనొక్కతే పనిపిల్లలా తిరిగింది. ఆ రోజు మనసులో పడ్డ ముల్లు ఇప్పటిదాకా బయటికి రాలేదు.

ఫిండ్లీ దాటాక డార్లా వేగం పెంచింది. మాన్స్‌ఫీల్డ్ దాటేసరికి నేల అలల్లా లేచి పడటం మొదలైంది. కోసిన ఓట్స్ పనలు పొలాల్లో గుంపులు గుంపులుగా నిలబడి ఉన్నాయి. ముందు ఒక నల్ల గుర్రబ్బండి, దాని వెనక వీళ్ళ కారు, ఎత్తు ఎక్కేదాకా అదే నడక.

"హారన్ కొట్టకు, గుర్రం బెదురుతుంది," అంది వెర్నా వెనక సీట్లోంచి.

"నేను కొట్టానా ఇప్పుడు?"

"చెయ్యి అటే వెళ్తోంది."

జున్ను కర్మాగారం దగ్గర గ్లెన్ ఆపించాడు. రుచి చూడమని పెట్టిన ముక్కలన్నీ వరసగా చూసుకుంటూ వెళ్ళి, చివరికి వచ్చాక మొదటిది మర్చిపోయానని మళ్ళీ మొదలుపెట్టాడు. "మనిషివా, పందికొక్కువా?" అంది డార్లా. "కొనేవాడికి ఆ మాత్రం హక్కుంటుంది," అన్నాడు. కొన్నది మాత్రం అరచేతిలో పట్టే ముక్క.

ఇంకో రెండు మైళ్ళు పోయాక రోడ్డు పక్క తడిక కొట్టు వచ్చింది. తెల్లటి టోపీ పెట్టుకున్న ఆమిష్ పడుచు బీట్‌రూట్ ఊరగాయ సీసాలు అమ్ముతోంది. వెర్నా ఒకటి ఎంచి చూసి, మూత బాగాలేదని తిరిగి ఇవ్వబోయింది. ఆ పిల్ల చెయ్యి చాచింది. వెర్నా సీసాని ఆ చేతిలో పెట్టలేదు. చెక్క మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది.

డార్లా అంతా చూసింది. కారెక్కాక మరి ఆగలేకపోయింది. "ఆ పిల్లకి నువ్వెవరో కూడా తెలీదు కదమ్మా. చేతికిస్తే ఏం పోయేది?"

"తర్వాత తెలిస్తే బాధపడుతుంది."

"యాభై నాలుగేళ్ళు. మనిషిని చంపినవాడు కూడా ఈపాటికి జైల్లోంచి బయటికొచ్చేవాడు."

"డార్లా," అన్నాడు గ్లెన్ మెల్లగా.

"నువ్వు జున్ను తిను."

అద్దంలో తల్లి మొహం కనబడుతోంది. చేతిసంచీలోంచి చిన్న పొట్లం తీసి చూసుకుని, మళ్ళీ లోపల పెట్టింది. సూదిలో దారం ఎక్కించే చిన్న పరికరం అది, దానికో భూతద్దం కూడా ఉంది. అక్క కోసం మూడు కొట్లు తిరిగి కొంది. దాన్నయినా అక్క చేతికి ఇవ్వలేదు, ఎక్కడో ఓ చోట పెట్టి పక్కకి తప్పుకోవాలి.

ఓర్ఫా ఇల్లు తెల్లగా, గీసినట్టుంది. గుమ్మం ముందు తాళ్ళ మీద నీలం చొక్కాలు ఆరుతున్నాయి. ఓర్ఫా వాకిట్లోనే నిలబడి ఉంది. నడుం వంగింది, కళ్ళద్దాలు సీసా అడుగంత మందంగా ఉన్నాయి.

"వచ్చావుటే," అంది.

"వచ్చానక్కా."

"కర్రొకటి వచ్చిందే కొత్తగా?"

"నీ నడుం కంటే నిటారుగా ఉందిలే."

ఇద్దరూ మూరెడు దూరంలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు చూస్తూ డార్లా అనుకోకుండా తల తిప్పుకుంది. ఓర్ఫా ఆమె వైపు తిరిగి చెంప తడిమింది. "ఇది మన డార్లానా? తొమ్మిదేళ్ళప్పుడు వచ్చి మూతి ముడుచుకుని పోయింది. ఇంకా అలాగే ఉందే మూతి."

ఓర్ఫా కొడుకు ఎర్విన్ పొలం నుంచి వచ్చి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. యాభై దాటినవాడు, గడ్డంలో పొట్టు చిక్కుకుని ఉంది. రెండేళ్ళ కిందట బోధకుణ్ణి ఎంచడానికి ఒక పాటల పుస్తకంలో చీటీ దాచి తలా ఒక పుస్తకం తీయిస్తే, అతని పుస్తకంలో వచ్చింది, అలా సంఘానికి బోధకుడయ్యాడు. ఆ పని ఎవరూ అడిగి తెచ్చుకునేది కాదు. చీటీ వచ్చిన రోజు పశువుల కొట్టంలోకి వెళ్ళి ఏడ్చాడని ఓర్ఫా ఉత్తరంలో రాసింది.

లోపలికి అడుగుపెట్టగానే డార్లా చుట్టూ వెతికింది. మూల చూసింది. చిన్న బల్ల లేదు. కిటికీ కింద చూసింది. అక్కడా లేదు. గది మధ్యలో ఒక్కటే పొడుగాటి బల్ల, దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కటే గుడ్డ, ఉతికి ఇస్త్రీ చేసిన లేతాకుపచ్చ గుడ్డ. పన్నెండు కంచాలు. వెర్నా కంచం కూడా ఆ గుడ్డ మీదే, చివర్న.

డార్లా తల్లి వైపు చూసింది. వెర్నా చూపు కలపలేదు. గ్లెన్ మాత్రం భార్య భుజం తట్టాడు. వీళ్ళ మీద ఇన్నేళ్ళు అనవసరంగా కోపం మోశానేమో అనుకుంటూ డార్లా తల్లి పక్కన బెంచీ మీద కూచుంది.

కోడి కూర, నూడిల్స్, వెన్న కరుగుతున్న బంగాళాదుంప ముద్ద, మొక్కజొన్న కండెలు, వేరుశనగ ముద్ద రాసుకునే రొట్టె అన్నీ గిన్నెల్లో పొగలు కక్కుతున్నాయి. ఎర్విన్ తల వంచాడు. అందరూ వంచారు. ఆమిష్‌వాళ్ళ ప్రార్థనకి మాటలుండవు. ఇంటిపెద్ద తల ఎత్తేదాకా మౌనమే.

ఆ మౌనంలో డార్లా మోచెయ్యి బల్ల మీద ఆనించింది. మోచేతి కింద గుడ్డ దిగబడింది.

కళ్ళు తెరిచింది. అరచేత్తో తడిమింది. తల్లి కంచానికీ, తనకి ఇవతల ఉన్న ఓర్ఫా కంచానికీ మధ్య మూడు వేళ్ళ వెడల్పున గుడ్డ కింద ఏమీ లేదు. అటు ఒక బల్ల, ఇటు ఒక బల్ల. మధ్యలో సందు.

ఎర్విన్ తల ఎత్తాడు. గిన్నెలు కదలబోతున్నాయి. డార్లా లేచి నిలబడింది.

"ఆగండి," అంది. గుడ్డ అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఆకుపచ్చ గుడ్డ ముడతలు పడి పక్కకి తొలిగింది, మంచినీళ్ళ గ్లాసొకటి దొర్లింది. రెండు బల్లల అంచులూ, వాటి మధ్య సందూ, సందులోంచి నేలా కనబడ్డాయి.

"ఇదా మీ మర్యాద? గొయ్యి తవ్వి పైన గుడ్డ కప్పుతారా? దీనికంటే ఆ మూలే నయం. కనీసం మొహం మీద చెప్పినట్టుండేది."

ఎర్విన్ కళ్ళు మూసుకున్నాడు. "డార్లా, దయచేసి గుడ్డ కప్పెయ్."

"ఎందుకు? చూడ్డానికి సిగ్గా?"

"సిగ్గు కాదమ్మా. చూస్తే నేను చూసినవాణ్ణవుతాను. బోధకుణ్ణి. ఇన్నాళ్ళూ ఆ గుడ్డ ఎత్తి చూడలేదు నేను."

"చూశావుగా ఇప్పుడు. ఏం చేస్తావు?"

ఎర్విన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని తల్లి వైపు చూశాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

"లే అమ్మా, పోదాం. మాటంటే మాటే," అంది డార్లా. "గ్లెన్, బండి తియ్యి."

గ్లెన్ లేవలేదు. వెర్నా కూడా లేవలేదు. కర్ర నేలకేసి కొట్టింది. ఆ చప్పుడుకి పిల్లలు ఉలిక్కిపడ్డారు.

"కూచో," అంది వెర్నా. ఆ గొంతు డార్లా ఎప్పుడూ వినలేదు. "నీ నోటి దురద తీరిందా? ఇప్పుడు నేను చెప్పేది విను. మాటిచ్చింది నేను, తప్పింది నేను. మీ నాన్నతో వెళ్ళినందుకు ఒక్క పూట కూడా ఏడవలేదు, ఏడవను. కానీ తప్పింది నేనే. వీళ్ళు వాళ్ళ మాట మీద నిలబడ్డారు. ఆ సందు వీళ్ళు తవ్వింది కాదే, నాది."

"అమ్మా…"

"మొదటిసారి వచ్చినప్పుడు మా నాన్న నాకు బట్టలుతికే కొట్టంలో వేశాడు బల్ల. ఇంట్లో కూడా కాదు. నాన్న పోయాక మా అక్క దాన్ని వంటింటి గుమ్మం దాకా తెచ్చింది. ఆ తర్వాత మూలకి. నువ్వు చూసింది ఆ ఏడే. ఆ తర్వాత కిటికీ కిందకి. ఏటా నేనొచ్చేసరికి ఒక జానెడో, బెత్తెడో ఇటు జరిగి ఉండేది. ఎవరికీ చెప్పేది కాదు, నాకూ చెప్పేది కాదు. నేను చూసుకునేదాన్ని. యాభై నాలుగేళ్ళు పట్టింది, మూడు వేళ్ళకి రావడానికి." వెర్నా చెయ్యి సందు మీద చాపి చూపించింది. "దీనికి సరిపడే గుడ్డ ఏ కొట్లోనూ దొరకదు. రెండు గుడ్డలు కలిపి కుట్టింది, కనబడని కళ్ళతో. చూడు ఆ కుట్టు."

డార్లా చేతిలో ఇంకా గుడ్డ అంచు ఉంది. కిందికి చూసింది. గుడ్డకి అడ్డంగా ఒక కుట్టు. సన్నగా మొదలై, వంకర పోయి, మళ్ళీ దారిలోకొచ్చి, ఒకచోట రెండుసార్లు విప్పి కుట్టిన గుర్తులు. సరిగ్గా సందు మీదికి వచ్చేలా కొలిచి కుట్టింది అది.

"ఎర్విన్," అంది వెర్నా మామూలు గొంతుతో. "ఇప్పుడు నా బల్ల దూరం జరపాలా?"

ఎర్విన్ గొంతు సవరించుకున్నాడు. "జరపాలి పిన్నీ. ఇంతమంది చూశాక… జరపాలి. నన్ను మన్నించు."

"నిన్ననడానికేముంది నాయనా. జరుపు."

తను చేసిందేమిటో డార్లాకి అప్పుడు తెలిసింది. ఈ ఇంట్లో అందరూ, బోధకుడితో సహా, కళ్ళు పక్కకి తిప్పుకుని కాపాడుకుంటూ వచ్చిన ఆ మూడు వేళ్ళనీ తను ఒక్క లాగుతో మళ్ళీ మూల దాకా తోసేసింది. అమ్మకి డెబ్బయ్యారు. పెద్దమ్మకి ఎనభై రెండు. మళ్ళీ ఒక్కో బెత్తెడూ జరుపుకుంటూ రావడానికి ఇద్దరికీ ఎన్ని వేసవులున్నాయి?

"పెద్దమ్మా," అంది.

ఓర్ఫా దొర్లిన గ్లాసు వెతికి నిలబెట్టింది. గుడ్డ తడుముకుని, డార్లా చేతిలోంచి అంచు తీసుకుని, తాపీగా మడిచి పెట్టింది.

"ఇంట్లో ఉక్క పోస్తోంది," అంది. "ఎర్విన్, ఆ రెండు దుప్పట్లు తియ్యి, పాతవి. మేపుల్ చెట్టు కింద పరుచు. బయట తిందాం."

"అమ్మా, బల్లలు కూడా…"

"బల్లలెందుకురా గడ్డి మీద?"

ఎర్విన్ ఆగిపోయాడు. అతని మొహంలో ఆలోచన మెల్లగా, పొలంలో గుర్రం మళ్ళినట్టు మళ్ళింది. ఒకే బల్ల మీద తినకూడదు. అదీ కట్టడి. దుప్పటి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"గడ్డి బల్ల కాదు," అన్నాడు చివరికి, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. మళ్ళీ అన్నాడు, ఈసారి కాస్త గట్టిగా. "ఎంత చూసినా బల్ల కాదు." దుప్పట్ల కోసం మేడ మెట్లు రెండేసి ఎక్కాడు.

"నాకు మోకాలు వంగదే," అంది వెర్నా.

"నిన్ను దించడానికి నీ అల్లుడు చాలు, లేపడానికి గుర్రాన్ని తెస్తాం," అంది ఓర్ఫా.

చెట్టు కింద అక్కాచెల్లెళ్ళు ఒకే దుప్పటి మీద కూచున్నారు, వీపులు ఒకే మానుకి ఆనించి. డార్లా కాస్త దూరంగా, గ్లెన్ వెనకాల కూచుంది, మొహం చెల్లక. నూడిల్స్ గిన్నె చుట్టూ తిరిగి వెర్నా దగ్గరికి వచ్చింది. ఆమె వడ్డించుకుంది. గిన్నె రెండు చేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది. పక్కన అక్క ఉంది. అక్కకి ఇవ్వకూడదు.

వెర్నా తల తిప్పి కూతురి కోసం చూసింది. పిలవలేదు. చూసింది అంతే.

తొమ్మిదేళ్ళప్పుడు కూడా ఇలాగే చూసింది. డార్లాకి ఆ చూపు గుర్తొచ్చింది. తను ఏ సంఘానికీ మాటివ్వలేదు, దేన్నీ తప్పలేదు. తన చేతి నుంచి ఎవరైనా ఏదైనా తీసుకోవచ్చు. ఆ రోజు గిన్నెలు మోయించింది పనిపిల్లనని కాదు. ఆ ఇంట్లో అమ్మ చేతి నుంచి పెద్దమ్మ చేతికి వెళ్ళడానికి ఉన్న దారి తనొక్కతే.

ముప్పై ఏడేళ్ళు ఆ దారి మూసేసి కూచుంది తను.

లేచి వచ్చి ఇద్దరి మధ్యా మోకాళ్ళ మీద కూలబడింది. తల్లి చేతిలోంచి గిన్నె తీసుకుంది. అమ్మ వేళ్ళ వెచ్చదనం అంచుకి ఇంకా అంటుకునే ఉంది. చల్లారకముందే పెద్దమ్మ చేతుల్లో పెట్టింది. ఓర్ఫా గిన్నెతో పాటు ఆమె వేళ్ళని కూడా పట్టుకుని ఒక్క క్షణం వదల్లేదు.

"ఉప్పు సరిపోయిందా అని అడుగు మీ అమ్మని," అంది ఓర్ఫా.

"పక్కనే ఉన్నానుగా, నన్నే అడగొచ్చు," అంది వెర్నా. "తక్కువైంది."

మొక్కజొన్న ఇటు వెళ్ళింది. రొట్టె అటు వచ్చింది. డార్లా కంచంలో తిండి చల్లారిపోయింది, ముక్కు కారుతుంటే చేతులు ఖాళీ లేక భుజానికి తుడుచుకుంది. చివర్న వెర్నా సంచీలోంచి పొట్లం తీసింది. డార్లా అందుకుని పెద్దమ్మ అరచేతిలో పెట్టి, భూతద్దంలోంచి సూది రంధ్రం ఎలా చూడాలో చూపించింది. ఓర్ఫా ఎండకేసి పట్టుకుని చాలాసేపు చూసింది.

"దారం కూడా కనబడుతోందే," అంది. "ఇదివరకే ఉంటే ఆ కుట్టు అంత వంకరపోయేది కాదు."

"అలాగే ఉండనియ్యి పెద్దమ్మా," అంది డార్లా. "వచ్చే వేసవికి ఎవరూ విప్పకుండా చూడు. గిన్నెలు మాత్రం కాస్త తగ్గించు. నా చేతులు పడిపోయాయి."

"వచ్చే వేసవి దాకా ఎందుకు?" ఓర్ఫా పరికరాన్ని చేతిరుమాల్లో చుట్టి భద్రంగా జేబులో వేసుకుంది. "సెప్టెంబర్లో ఆపిల్స్ దిగుతాయి. వండి సీసాలకెత్తాలి. ఇద్దరం ముసలాళ్ళం, చేతులు చాలవు."

డార్లా తల్లి వైపు చూసింది. వెర్నా చెట్టు కొమ్మల్లోకి చూస్తోంది, ఏమీ విననట్టు, ఏమీ అడగనట్టు. కర్ర మీద వేళ్ళు మాత్రం నిలవడం లేదు.

"సెప్టెంబర్లో ఏ వారం?" అంది డార్లా.